వద్దని చెప్పలేని వాళ్ల మధ్య

నా వయసుకి పదవీ విరమణ అన్న మాట నప్పదు. ముప్పై నాలుగేళ్లకే డయాలసిస్ టెక్నీషియన్ ఉద్యోగం మానేసి, తాడేపల్లిగూడెంలో తాగునీటి ప్లాంట్లు బిగించే పనిలో చేరాను. కానీ పదకొండేళ్లు చేసిన పని అది. మళ్లీ ఆ వార్డులో అడుగుపెట్టను. కాబట్టి దాని గురించి నాలుగు మాటలు రాయడానికి రిటైరైనవాడికి ఉండే హక్కు నాకూ ఉందనుకుంటున్నాను.

ఈమధ్య ఏలూరులో నేను డయాలసిస్ కోర్సు చదివిన కాలేజీ వాళ్లు పిలిచారు. కొత్తగా చేరిన పిల్లలకి ‘ఎమోషనల్ ఇంటెలిజెన్స్ పెంచుకునే మార్గాలు’ మీద గంటసేపు మాట్లాడమన్నారు. ఏదైనా వరుసగా అంశాలు వేసుకుంటే తప్ప నాకు ఆలోచన సాగదు. అలాగే వేసుకుని వెళ్లాను. మనలో కోపం మొదలవుతున్న క్షణాన్ని పట్టుకోవడం, ఎదుటివాళ్ల మాట పూర్తయ్యేదాకా ఆగడం, మాటతో పాటు మొహం కూడా చూడడం, ఇలాంటివి. పిల్లలు శ్రద్ధగా రాసుకున్నారు. చివర్లో ఒకమ్మాయి లేచింది.

“సార్, ఇవన్నీ చేస్తే పేషెంట్లు మన మాట వింటారాండీ?”

“వింటారమ్మా,” అన్నాను.

చప్పట్లు కొట్టారు. తిరిగొచ్చే బస్సు దెందులూరు దాటకముందే, నేనిచ్చిన జవాబు తప్పని నాకు అర్థమైంది. వింటారు. సమస్య అక్కడే ఉంది. ఆ అమ్మాయికి చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

యంత్రం తేలిక

డయాలసిస్ పనిలో యంత్రం ఆరు నెలల్లో చేతికొస్తుంది. కిడ్నీలు ఆగిపోయినవాళ్లు వారానికి మూడుసార్లు వచ్చి నాలుగేసి గంటలు పడుకుంటారు. రక్తం యంత్రంలోకి వెళ్లి శుభ్రపడి వెనక్కి వస్తుంది. సూది గుచ్చడం, ఒత్తిడి చూడడం, అలారం మోగితే కారణం వెతకడం, వీటన్నిటికీ ఒక పద్ధతి ఉంది. పద్ధతి ఉన్నదేదైనా నేర్చుకోవచ్చు.

మనిషికి పద్ధతి లేదు. వీళ్లకి తాగిన నీళ్లు బయటికి పోయే దారి ఉండదు. అందుకే రాగానే బరువు చూస్తాం. రెండు రోజుల్లో ఎంత తాగారో తూకం చెప్పేస్తుంది, దాన్నిబట్టే యంత్రంతో ఒంట్లో నీళ్లు తీస్తాం. అది తెలిసి వాళ్లు తూకాన్ని మోసం చేస్తారు. చెప్పులు, ఫోను భార్య చేతికి ఇస్తారు. పొద్దున్నుంచి ఏమీ తినకుండా వస్తారు. శ్రీను అని ఒక లారీ డ్రైవరు ఉండేవాడు. తూకం మీద నిలబడి, ఎవరూ చూడకుండా వేలు గోడకి ఆనించి బరువు తగ్గించేవాడు. మేం తీయాల్సిన నీళ్లు తీయం, ఇంటికెళ్లాక ఆయాసంతో కూర్చుంటాడు.

ఎందుకలా? వారానికి రెండు రోజులు ఏలూరు నుంచి మా తాడేపల్లిగూడెం వార్డుకి వచ్చే డాక్టరు గారు అరుస్తారని. “నీళ్లు తాగడానికి వస్తున్నావా, బతకడానికి వస్తున్నావా?” అని అందరి ముందూ అడిగేవారు. మంచి డాక్టరు. ఆయన చేతిలో ప్రాణాలు నిలిచినవాళ్లని చూశాను. కానీ ఆయన ముందు ఒక్కరూ నిజం చెప్పలేదు. కోప్పడేవాళ్ల చుట్టూ ఉన్నవాళ్లు నీళ్లు తాగడం మానరు, దాచడం నేర్చుకుంటారు.

మా ఇన్‌ఛార్జి షకీలా సిస్టర్ గారిది వేరే దారి. గూడెంలోనే పుట్టి పెరిగిన మనిషి, నాకంటే ఇరవయ్యేళ్లు పెద్దావిడ. శ్రీను గోడ పట్టుకోవడం చూశాక, తర్వాత అతను వచ్చిన రోజున అతని కంటే ముందు ఆవిడే తూకం ఎక్కారు.

“అయ్యబాబోయ్! చూడు శ్రీనూ, మా అన్నయ్య గారమ్మాయి పెళ్లిలో బిర్యానీ ఇదిగో ఇక్కడ తేలింది. ఇక నీ వంతు. నువ్వేం తిన్నావో చెప్పు, నేనైతే చెప్పేశాను.”

“పుచ్చకాయ సిస్టర్ గారూ,” అన్నాడు శ్రీను తలవంచుకుని.

“ముక్కా, కాయా?”

“కాయేనండి.”

వార్డంతా నవ్వింది. ఆ రోజు నుంచి శ్రీను గోడ ముట్టుకోలేదు. నిజం చెప్పినవాడికి శిక్ష పడని చోటే నిజం బయటికొస్తుంది. ఇంతవరకు నా పాఠం గట్టిదే. ఇక్కడితో ఆపగలిగితే బాగుండేది.

మా జిల్లా జబ్బు

కోపానికి, భయానికి, దుఃఖానికి పుస్తకాల్లో మార్గాలున్నాయి. మా గోదావరి వైపు మనుషుల్ని ఏలే భావం వాటిలో ఉండదు. దాని పేరు మొహమాటం. ఇంటికొచ్చినవాళ్లు తెచ్చింది కాదనకూడదు. పెద్దవాళ్లు చెప్పింది కాదనకూడదు. కాదంటే వాళ్ల మొహం చిన్నబోతుంది, అది చూడలేం. ఇది మంచితనమని చిన్నప్పటి నుంచి నేర్పుతారు. చాలా మటుకు మంచితనమే. కిడ్నీలు పోయిన మనిషి విషయంలో మాత్రం కాదు.

జబ్బుపడ్డవాళ్లని చూడడానికి మా వాళ్లు వట్టి చేతులతో రారు. కొబ్బరి బొండాలు తెస్తారు. చలవ చేస్తుందని, నీరసం పోతుందని. డయాలసిస్ మనిషికి అంతకంటే చెడ్డది లేదు. అందులో పొటాషియం ఎక్కువ. కిడ్నీ ఉన్నవాళ్లకి అది బయటికి పోతుంది. వీళ్లకి రక్తంలో పేరుకుని, కాళ్లు పట్టు తప్పి, ఆఖరికి గుండె ఆగుతుంది. ప్రతి పేషెంటుకీ చేరిన రోజే చెబుతాం. అయినా బొండాలు వస్తూనే ఉంటాయి. తెచ్చేవాళ్లంతా ప్రేమతోనే తెస్తారు.

రత్నం గారు మా దగ్గరికి వచ్చేనాటికి అరవై దాటాయి. పెంటపాడులో బట్టల కొట్టు. కొట్లో కూర్చున్నన్నాళ్లూ ఆయన నోట ‘లేదు’ అన్న మాట రాలేదట. ఎవరైనా వచ్చి ఫలానా రంగు చీర ఉందా అంటే, లేకపోయినా “రేపు తెప్పిస్తానండీ” అనేవారు. లేదంటే కొట్టుకి మంచిది కాదని వాళ్ల నాన్నగారు నేర్పారట. నలభై ఏళ్లు అలా బతికిన మనిషిని తీసుకొచ్చి, ఇక నుంచి అందరికీ వద్దని చెప్పండి అన్నాం మేం.

మొదటి నెలల్లో రెండుసార్లు ఆయన పొటాషియం ప్రమాదం దాకా వెళ్లింది. రెండుసార్లూ బొండమే. ఒకసారి పక్కింటివాళ్లు, ఒకసారి పాత ఖాతాదారు. డాక్టరు గారు అరిచారు. రత్నం గారు “ఆయ్, పొరపాటేనండీ” అని చేతులు జోడించారు. ఆయన భార్య రాజ్యలక్ష్మి గారు బయట బెంచీ మీద నన్ను పట్టుకున్నారు.

“ఈయనకి ప్రాణం మీద తీపి లేక కాదు బాబూ. ఎదురుగా గ్లాసు పెట్టి నించుంటే చెయ్యి దానంతట అదే వెళ్లిపోతుంది. మూడోసారి వస్తే ఇక మనిషి దక్కరని డాక్టరు గారన్నారు. మీరేదైనా చెయ్యండి బాబూ.”

సరేనన్నాను.

అభ్యాసం

భావం మారకపోతే ప్రవర్తనని అభ్యాసం చేయించాలని ఎక్కడో చదివాను. యంత్రం మీద పని నేర్పినట్టే దీన్ని మెట్లుగా విడగొట్టాను. ముందు తెచ్చినవాళ్లకి కృతజ్ఞత చెప్పాలి. తర్వాత డాక్టరు వద్దన్నారని ఒకే ముక్కలో చెప్పాలి. వెంటనే వాళ్లకి వేరే పని అప్పజెప్పాలి: “కూర్చుని కాసేపు మాట్లాడండి, అదే నాకు బలం.” కాదన్నట్టూ ఉండదు, మొహం చిన్నబోదు.

మంగళ, గురు, శనివారాలు ఆయన రోజులు. సూదులు గుచ్చి యంత్రం నడవడం మొదలయ్యాక అభ్యాసం మొదలుపెట్టేవాళ్లం. పక్క మంచం శ్రీనుది. చుట్టం వేషం అతనిదే.

“ఏవండీ రత్నం గారూ! ఎండన పడి వచ్చానండీ. మా దొడ్లో బొండాలండీ, నాలుగు గుక్కలు పట్టండి.”

“అయ్యో, ఎందుకండీ శ్రమ…”

“శ్రమేముందండీ, మీకంటేనా!”

“సరే, మీరింతగా అంటున్నారు కాబట్టి సగం…”

“అవుటండీ! రత్నం గారు మళ్లీ అవుట్!” అని శ్రీను సూదిలేని చెయ్యి పైకెత్తేవాడు. రత్నం గారు అందరికంటే ఎక్కువ నవ్వేవారు. “మరీ అంత కఠినంగా ఎలాగండీ, ఎండన పడి వచ్చానన్నావు కదయ్యా,” అనేవారు.

నేను మళ్లీ మొదటి నుంచి చెప్పేవాణ్ణి. “అర్థమైందాండీ?” అనేవాణ్ణి.

“ఆయ్, అర్థమైందండీ.”

“ఈసారి చెబుతారుగా?”

“తప్పకుండా బాబూ. మీరింత కష్టపడుతుంటే చెప్పనా?”

కొన్నాళ్లకి ఫలితం కనిపించింది. రక్త పరీక్షలు బాగున్నాయి. గూడెంలో ఎవరిదో గృహప్రవేశానికి వెళ్లొచ్చి, మంచమెక్కుతూనే చెప్పారు.

“కూల్‌డ్రింకు తెచ్చారండీ. వద్దన్నాను.”

“అబ్బో!” అన్నాడు శ్రీను. “నిజంగా అన్నారా, మనసులో అనుకున్నారా?”

“పైకే అన్నానయ్యా. పాపం ఆవిడ మొహం చిన్నబోయింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.”

వార్డంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. గ్లవ్స్ తీసి పారేస్తుంటే షకీలా సిస్టర్ పక్కకి వచ్చారు.

“అన్నం సయించలేదన్నారు, విన్నావా?”

“అలవాటైపోతుంది సిస్టర్.”

“నువ్వేం చెప్పినా ఆయ్ అంటున్నారు. ఇన్నాళ్లలో ఒక్కసారైనా నీతో కాదన్నారా? నాకది నచ్చట్లేదు.”

“అర్థమయ్యే అంటున్నారు కదండీ. రిపోర్టులు చూడండి.”

“రిపోర్టులు చూశాను. మనిషిని చూస్తున్నాను,” అన్నారావిడ. తర్వాతి మంచం దగ్గరికి వెళ్లిపోయారు. నాతో వాదించడం ఆవిడకీ మొహమాటమే అయ్యుంటుంది.

ఆదివారం

డయాలసిస్‌లో అన్నిటికంటే చెడ్డ రోజులు శనివారం తర్వాత వచ్చే రెండు రోజులు. మిగతా వారమంతా ఒక్కరోజే ఎడం. అక్కడ మాత్రం రెండు. ఒంట్లో చేరింది మంగళవారం దాకా ఒంట్లోనే ఉంటుంది.

ఒక మంగళవారం రత్నం గారు రాలేదు. మంచం పరిచి, యంత్రం సిద్ధం చేసి ఫోన్ చేశాను. వేరే ఎవరో ఎత్తి, తెల్లవారుజామున పోయారని చెప్పారు. యంత్రం ఆపి, ఆ మంచం తర్వాతి పేషెంటుకి ఇచ్చాం. అది కూడా పనిలో భాగమే. శ్రీను అటు తిరిగి పడుకుని, సూదులు తీసేదాకా ఇటు తిరగలేదు.

కర్మకాండలయ్యాక రాజ్యలక్ష్మి గారు వార్డుకి వచ్చారు. ఇంట్లో ఫ్రిజ్‌లో మిగిలిన ఇంజక్షన్లు ఐసు పెట్టిన డబ్బాలో తెచ్చారు, ఇంకెవరికైనా పనికొస్తాయని. వాటిని తీసి షకీలా సిస్టర్ చేతికిస్తూ, ఏం జరిగిందో ఆవిడే చెప్పారు.

ఆదివారం వియ్యంకుడు కోటేశ్వరరావు గారు వచ్చారు. కైకలూరులో చేపల మేత షాపు ఆయనది, సొంత చెరువూ ఉంది. రత్నం గారి అమ్మాయిని ఆయన కొడుక్కే ఇచ్చారు. చెరువుగట్టు మీద తను నాటిన చెట్లు మొదటిసారి కాశాయని, తొలికాపు బావగారికే అని, గెల దింపించి కార్లో వేసుకుని వచ్చారు. కోడల్నీ వెంటబెట్టుకొచ్చారు. తన చేత్తో బొండం చెక్కి అందించారు.

“ఈయన చెప్పారు బాబూ, మీరు నేర్పినట్టే చెప్పారు. ‘డాక్టరు గారు వద్దన్నారు బావగారూ, కూర్చోండి, మాట్లాడుకుందాం’ అన్నారు. ఆయనేమో ‘మా చెరువు నీళ్లంటే అనుమానమా బావగారూ’ అని నవ్వారు. హాస్యానికే అన్నారు. పిల్ల అక్కడే నించునుంది. ఈయన పిల్ల వైపు చూశారు, పుచ్చుకుని తాగేశారు. సాయంత్రం వెళ్లేముందు ఇంకోటి.”

“సోమవారం ఎలా ఉన్నారండీ?” అనడిగాను. నాకు కావాల్సింది అది. సోమవారం వచ్చి ఉంటే నిలబెట్టగలిగేవాళ్లం. అత్యవసరమైతే ఏ రోజైనా యంత్రం ఎక్కిస్తాం. అంతకుముందు రెండుసార్లూ అలాగే నిలబెట్టాం.

“మధ్యాహ్నం నుంచి కాళ్లు తేలిపోతున్నాయన్నారు. మీకు ఫోన్ చేద్దామండీ అన్నాను. వద్దన్నారు.”

“ఎందుకండీ?”

ఆవిడ చెప్పాలా వద్దా అన్నట్టు షకీలా సిస్టర్ వైపు చూశారు. సిస్టర్ తల ఊపారు.

“‘ఎలాగూ రేపు వెళ్తాం కదా’ అన్నారు. నేను పట్టుబడితే అప్పుడు అసలు సంగతి చెప్పారు. ‘ఆ కుర్రాడు అంత కష్టపడి నేర్పాడు రాజ్యం. మళ్లీ తాగానంటే బాధపడతాడు. అతని మొహం ఎలా చూడను?’ అన్నారు.”

ఆవిడ నన్ను తప్పు పట్టడానికి చెప్పలేదు. నేనంటే ఆయనకి ఎంత గౌరవమో నాకు తెలియాలని చెప్పారు. చెప్పి, ఖాళీ డబ్బా తీసుకుని వెళ్లిపోయారు.

నాకు అర్థమైనవి

ఎవరికైనా కాదని చెప్పడం నేర్పుతున్నప్పుడు, ఆ ‘ఎవరికైనా’లో మనమూ ఉంటాం. రత్నం గారు నాతో చెప్పిన ప్రతి “ఆయ్” కూడా బొండం పుచ్చుకోవడం లాంటిదే. నేను ప్రేమతో అందించాను, ఆయన కాదనలేకపోయారు. డాక్టరు గారి అరుపుకి భయపడి శ్రీను గోడ పట్టుకున్నాడు. నా మంచితనానికి మొహమాటపడి రత్నం గారు ఫోన్ పట్టుకోలేదు. కోప్పడేవాడి దగ్గర దాస్తారని తెలుసుకున్నాను కానీ, ఇష్టపడేవాడి దగ్గర ఇంకా లోతుగా దాస్తారని నాకు తట్టలేదు.

అయితే ఏం చేయాలి అని అడుగుతారు. పేషెంటు మీతో వాదిస్తే సంతోషించండి. “ఇది నావల్ల కాదండీ” అని ఎవరైనా అంటే, ఆ రోజు ఆయన్ని ఇంకేమీ అడక్కండి, అదే పెద్ద ఫలితం. “అర్థమైందా” అని అడక్కండి, దానికి మా జిల్లాలో ఒకటే జవాబు. “ఇందులో మీవల్ల కానిది ఏది?” అని అడగండి. తప్పు జరిగిన రోజున ముందు మీకే ఫోన్ చేయగలిగేలా ఉండండి.

ఇవి రాస్తుంటే కూడా నాకు నమ్మకం కలగడం లేదు. రత్నం గారి తర్వాత నేను ఏడాదిపైన అదే వార్డులో పనిచేశాను, ఇవన్నీ చేశాను. “మీవల్ల కానిది ఏదండీ” అని అడిగితే, కొత్తగా వచ్చిన ఒక పెద్దాయన ఎంతో ఆలోచించి, నన్ను నొప్పించకుండా ఉండేలా ఒక చిన్న ఇబ్బంది వెతికి చెప్పారు. ఆయన అసలు ఇబ్బంది ఏమిటో ఆయనతోనే పోయింది.

వియ్యంకుడు గారు

నేను మానేయక ముందు కోటేశ్వరరావు గారు ఒకసారి వచ్చారు. చెప్పులు వార్డు బయటే విడిచి, గుమ్మంలో నిలబడ్డారు. వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టాను.

“బాబూ, మీరు చదువుకున్నవాళ్లు. ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. నా బొండం వల్లేనా?”

నా దగ్గర ఒక కచ్చితమైన జవాబుంది. ఆ రోజు రక్తం తీయలేదు, కాబట్టి చెప్పలేం. అదే చెప్పాను.

“ఆయ్, అలాగేనండీ,” అని వెంటనే లేచారు.

ఆ లేవడం నాకు తెలుసు. నా జవాబు నమ్మి లేవలేదు. నన్ను ఇంకా ఇబ్బంది పెట్టకూడదని లేచారు. చెయ్యి పట్టుకుని మళ్లీ కూర్చోబెట్టాను.

“అయ్యుంటుందండీ,” అన్నాను. “చాలా వరకు అదే అయ్యుంటుంది. కానీ సోమవారం ఫోన్ చేసుంటే బతికేవారు. నా మొహం చూడలేక చేయలేదు. అది నా వల్ల.”

లోపల ఏదో యంత్రం అలారం మోగింది. షకీలా సిస్టర్ వెళ్లి ఆపడం వినిపించింది.

“మా కోడలు నన్ను ఒక్క మాట అనలేదండీ,” అన్నారు కోటేశ్వరరావు గారు. “మామయ్యగారూ అని పిలిచి అన్నం పెడుతుంది. మజ్జిగ పోస్తుంది. ఎప్పటిలాగే. ఒక్కసారి తిట్టినా బాగుండు. ఆ పిల్లకి నేనేం చెప్పాలి బాబూ?”

అప్పటికి పదేళ్ల అనుభవం ఉంది నాకు. ఎదుటివాళ్ల మాట పూర్తయ్యేదాకా ఆగాను. మొహం చూశాను.

“నాకు తెలియదండీ,” అన్నాను.

ఆయన తల ఊపి లేచారు. కండువాతో కళ్లు తుడుచుకుని, చేతులు జోడించారు. “నిజం చెప్పారు, మనసు తేలికపడిందండీ. ఉపకారం చేశారు,” అన్నారు. మెట్లు దిగి కైకలూరు బస్సు కోసం రోడ్డు మీదికి వెళ్లిపోయారు.

మనసు నిజంగానే తేలికపడిందో, నా మొహం చిన్నబోకూడదని అన్నారో, ఇప్పటికీ నాకు తెలియదు.